ముక్కులో పెరిగే కండ: రాచపుండు పోలికలో ఉండే నిరపాయ వ్యాధులు

శరీరంలో ఏ భాగాన కొత్తగా కండ పెరిగినదని తెలిసినా మనసులో మొదట మెదిలేది క్యాన్సర్ భయమే. మన పెద్దలు దానిని రాచపుండు అనేవారు. ఆ పేరు ఎత్తడానికే జంకేవారు. ముక్కు విషయంలో ఈ భయానికి మరొక చిక్కు తోడవుతుంది. ముక్కు దిబ్బడ, నీరు కారడం, అప్పుడప్పుడు నెత్తురు చారలు కనిపించడం అందరికీ అనుభవంలో ఉన్న సామాన్య లక్షణాలు. జర్మనీ వంటి చలిదేశంలో, గదులను వేడిచేయడం వలన గాలి పొడిబారే శీతాకాలంలో, వీటిని ఎవరూ పట్టించుకోరు. అందుచేత ప్రమాదకరమైన వ్యాధి జలుబు చాటున నెలల తరబడి దాగి ఉండవచ్చును. అదే విధంగా, ప్రాణానికి ముప్పు లేని ఒక కండ క్యాన్సర్ వేషంలో కనిపించి కుటుంబమంతటినీ కలవరపెట్టనూవచ్చును.

ఈ రెండు పొరపాట్లలో ఏది జరిగినా నష్టమే. క్యాన్సర్‌ను నిరపాయమని భావిస్తే విలువైన కాలం చేజారిపోతుంది. నిరపాయమైన దానిని క్యాన్సర్ అని భావిస్తే అవసరం లేని పెద్ద శస్త్రచికిత్సకు, కిరణ చికిత్సకు దారితీయవచ్చును. ముఖం మీద, కన్నుకు మెదడుకు అతి సమీపాన చేసే చికిత్స గనుక దాని ఫలితాన్ని రోగి జీవితాంతం మోయవలసి ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూపే పరికరాలు, పద్ధతులు అనేకం జర్మన్ నగరాలలోనే రూపుదిద్దుకొన్నాయి. వాటి చరిత్రను, నేటి నిర్ధారణ క్రమాన్ని స్థూలంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముక్కు నిర్మాణం

బయటకు కనిపించే ముక్కు అసలు నాసికా కుహరానికి ముంగిలి మాత్రమే. దాని వెనుక అంగిలిపై నుంచి కపాలం అడుగు వరకు విస్తరించిన గది ఉన్నది. నడిమి గోడ దానిని రెండు భాగాలుగా చేస్తుంది. పక్కగోడల నుంచి మెలితిరిగిన ఎముకల అరలు వేలాడుతుంటాయి. చుట్టూ నాలుగు జతల గాలి గదులున్నాయి: చెంప ఎముకలలో ఒక జత, నుదుట ఒక జత, కళ్ల నడుమ తేనెపట్టు వంటి చిన్న గదులు, మరింత లోతున కపాలం అడుగున ఒక జత. వీటన్నిటినీ కప్పుతూ తడిగా ఉండే శ్లేష్మపొర పరచుకొని ఉంటుంది.

ఈ పొరకు వైద్యులు ష్నైడర్ పొర అని పేరు పెట్టారు. కొన్‌రాడ్ విక్టర్ ష్నైడర్ (1614–1680) విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అంతవరకు చీమిడి మెదడులో పుట్టి, ముక్కు పైకప్పులోని జల్లెడ ఎముక గుండా కిందికి దిగుతుందని ఐరోపా వైద్యులు గ్రీకుల కాలం నుంచి నమ్ముతూ వచ్చారు. 1660వ దశకంలో ష్నైడర్ వెలువరించిన బృహద్గ్రంథం ఆ నమ్మకాన్ని తోసిపుచ్చినది. శ్లేష్మం ముక్కును కప్పిన పొరలోనే తయారవుతుందని ఆయన నిరూపించాడు. ఇప్పుడు మనం చెప్పుకోబోయే కండలలో ముఖ్యమైనది ఆ పొర నుంచే పుడుతుంది.

ముక్కులోని నిరపాయ వ్యాధులు క్యాన్సర్‌ను పోలి ఉండడానికి ఈ నిర్మాణమే కారణం. ముక్కు ఒక ఇరుకైన ఎముకల పెట్టె. అందులో ఏది పెరిగినా చుట్టూ ఉన్న ఎముకను ఒత్తవలసిందే. కళ్ల పక్కనున్న ఎముక కాగితమంత పలుచన. మెత్తని కండ కూడా ఏళ్ల తరబడి ఒత్తితే అది వంగుతుంది, అరుగుతుంది. చిత్రంలో చూస్తే క్యాన్సర్ తినివేసినట్లే ఉంటుంది. పైగా శ్లేష్మపొరలో రక్తనాళాలు మెండు గనుక చిన్న కండ అయినా నెత్తురు కారుస్తుంది. దీర్ఘకాలపు వాపు వలన పొరలోని కణాలు రూపం మార్చుకొంటాయి. సూక్ష్మదర్శిని కింద ఆ మార్పు కొన్నిసార్లు క్యాన్సర్ కణాలను తలపిస్తుంది. ఈ విధంగా లక్షణాలలోను, చిత్రంలోను, సూక్ష్మదర్శినిలోను, మూడు చోట్లా భ్రమకు అవకాశం ఉన్నది.

చీకటి గదిలోకి వెలుగు

కంటికి కనిపించని దానిని నిర్ధారించడం కష్టం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైద్యవృత్తి సాగించిన ఫిలిప్ బొజ్జీని 1806లో ఒక మైనపువత్తి వెలుగును అద్దం సాయంతో శరీర రంధ్రాలలోకి పంపే పరికరాన్ని ప్రకటించాడు. దానికి ఆయన పెట్టిన పేరు లిష్ట్‌లైటర్, అనగా వెలుగును తీసుకుపోయేది. నాటి పెద్దలు దానిని ఆదరించలేదు. బొజ్జీని 1809లో, నలభై ఏళ్లయినా నిండకుండానే మరణించాడు. నేటి ఎండోస్కోపులకు ఆ పరికరమే ఆది రూపం.

1901లో బెర్లిన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ హిర్ష్‌మన్ మూత్రాశయాన్ని పరీక్షించే సన్నని గొట్టాన్ని సవరించి ముక్కులోకి, చెంప గదిలోకి చూశాడు. అయితే నాటి గొట్టాలలో కనిపించే దృశ్యం మసకగా ఉండేది. ఇంగ్లండుకు చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు హెరల్డ్ హాప్కిన్స్ గొట్టంలో చిన్న చిన్న కటకాలకు బదులు పొడవైన గాజు కడ్డీలను అమర్చే ఉపాయం కనిపెట్టగా, 1960వ దశకంలో దక్షిణ జర్మనీలోని టుట్‌లింగెన్ పట్టణానికి చెందిన కార్ల్ స్టోర్జ్ ఆ ఉపాయాన్ని పరికరంగా రూపొందించాడు. నేడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గల కడ్డీతో ముక్కు మూలమూలలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఎముక వెనుకకు చూడడానికి వెలుగు చాలదు. 1895 నవంబరులో వ్యూర్త్స్‌బుర్గ్‌లో విల్‌హెల్మ్ రోంట్‌గెన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు ఆ లోటును తీర్చాయి. ఆ కిరణాలతోనే పనిచేసే సి.టి. స్కాన్ 1970వ దశకంలో వచ్చి ఎముకను పలుచని పొరలుగా విడదీసి చూపింది. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఎం.ఆర్.ఐ. ఆ తరువాత మెత్తని భాగాలను వేరుచేసి చూపింది.

ఒక చక్రవర్తి గొంతు నేర్పిన పాఠం

కండ స్వభావాన్ని తేల్చి చెప్పేది చివరకు సూక్ష్మదర్శిని. వ్యాధి అనేది కణాలలో జరిగే మార్పు అని 1858లో బెర్లిన్‌లో రుడోల్ఫ్ ఫిర్షో తన గ్రంథం ద్వారా చాటిచెప్పాడు. కండలో చిన్న ముక్కను తీసి పరీక్షించే పద్ధతిని, అనగా బయాప్సీని, 1870వ దశకంలో అదే నగరంలో కార్ల్ రూగే, యోహాన్ ఫైట్ స్త్రీల గర్భాశయ వ్యాధులలో వాడుకలోకి తెచ్చారు. ఈ పద్ధతికి గల శక్తి, పరిమితి, రెండూ లోకానికి తెలియవచ్చిన ఉదంతం ముక్కుకు సంబంధించినది కాదు, గొంతుకు సంబంధించినది. అయినా ముక్కు వ్యాధులకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

1887 జనవరిలో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. మార్చిలో ఆచార్య కార్ల్ గెర్హార్ట్ పరీక్షించి ఎడమ స్వరతంత్రి మీద చిన్న కండను గుర్తించాడు. దానిని కాల్చి తొలగించే ప్రయత్నాలు చేసినా అది మళ్లీ పెరిగింది. శస్త్రవైద్యుడు ఎర్న్‌స్ట్ ఫోన్ బెర్గ్‌మన్ అది క్యాన్సరే అయి ఉంటుందని తలచి, గొంతును తెరిచి తొలగించాలని సూచించాడు. మే నెలలో లండన్ నుంచి పిలిపించిన గొంతు వైద్యుడు మోరెల్ మెకంజీ ముందు బయాప్సీ జరగాలని పట్టుబట్టాడు. ఆయన నోటి గుండా తీసిన చిన్న ముక్కలను ఫిర్షో స్వయంగా పరీక్షించాడు. వాటిలో క్యాన్సర్ జాడ కనిపించలేదు. శస్త్రచికిత్స ఆగిపోయింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఫిర్షో తనకు అందిన ముక్కలలో ఏమున్నదో అంతవరకే చెప్పాడు. ఆ ముక్కలను బట్టి మొత్తం వ్యాధి స్వభావాన్ని నిశ్చయించడం సాధ్యం కాదని జూన్ నాటి నివేదికలో జాగ్రత్తగా పేర్కొన్నాడు. ఆ జాగ్రత్త మాట వెనుకబడిపోయింది. క్యాన్సర్ లేదన్న మాట ఒక్కటే ముందుకు వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఇటలీలోని సాన్ రేమోలో వైద్యులు క్యాన్సర్ అని నిర్ధారించారు. 1888 ఫిబ్రవరి 9న ఊపిరి అందకపోవడంతో మెడవద్ద శ్వాసనాళానికి రంధ్రం చేశారు. మార్చి 9న తండ్రి మరణించగా, మాట పడిపోయిన స్థితిలోనే ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు. తొంభై తొమ్మిది రోజులు పాలించి జూన్ 15న పోట్స్‌డామ్‌లో కన్నుమూశాడు. శవపరీక్షలో స్వరపేటికలోని క్యాన్సర్ రుజువయినది.

తొలి వేసవిలోనే శస్త్రచికిత్స చేసి ఉంటే ఆయన బతికేవాడా అన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేరు. నాటి శస్త్రచికిత్సలో మరణాలు అధికం. కాని వైద్యశాస్త్రానికి మాత్రం ఒక నియమం స్థిరపడింది. బయాప్సీలో క్యాన్సర్ కనిపిస్తే అది క్యాన్సరే. కనిపించకపోతే, ఆ ముక్కలో లేదని మాత్రమే అర్థం. కంటికి కనిపించేదానికి, నివేదికకు పొంతన లేనప్పుడు మళ్లీ ముక్క తీయాలి, మరింత లోతుగా తీయాలి.

లోపలికి పెరిగే పులిపిరి

ముక్కులోని కండలలో ఈ నియమం అత్యధికంగా పనికివచ్చేది ఇన్వర్టెడ్ పాపిల్లోమా అనే వ్యాధిలో. జర్మన్ నివేదికలలో దీనిని ఇన్వెర్టియేర్టెస్ పపిల్లోమ్ అని వ్రాస్తారు. పాపిల్లోమా అంటే పులిపిరి వంటి పెరుగుదల. చర్మం మీది పులిపిరి బయటకు పొడుచుకువస్తుంది. ఇది అట్లా కాక, ష్నైడర్ పొర నుంచి పుట్టి కిందనున్న కణజాలంలోనికి మడతలు మడతలుగా దిగబడుతుంది. ఈ లక్షణాన్ని 1938లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు నిల్స్ రింగెర్ట్స్ స్పష్టంగా వర్ణించాడు.

లోపలికి చొచ్చుకుపోవడం క్యాన్సర్ లక్షణం కదా అన్న సందేహం రావచ్చును. తేడా సూక్ష్మమైనది. శ్లేష్మపొర కణాలకు అడుగున పీఠం వంటి సన్నని పొర ఒకటి ఉంటుంది. పాపిల్లోమా ఎంత లోతుగా మడతపడినా ఆ పీఠపు పొర చెక్కుచెదరదు. దుప్పటిని గుప్పిటతో లోపలికి నొక్కితే దుప్పటి చిరగకుండానే గుంట పడినట్లు ఉంటుంది. క్యాన్సర్‌లో కణాలు ఆ పీఠాన్ని ఛేదించి అవతలకు పోతాయి. నిపుణుడు సూక్ష్మదర్శినిలో వెదికేది ఈ చిరుగునే.

ఈ వ్యాధి ఎక్కువగా యాభై, అరవై ఏళ్ల వయసులో, స్త్రీలకంటె పురుషులలో అధికంగా కనిపిస్తుంది. సాధారణంగా ఒకవైపు ముక్కులోనే వస్తుంది. దానికి మూడు స్వభావాలున్నాయి. మొదటిది, ఎముకను ఒత్తి అరగదీస్తుంది. రెండవది, వేరు మిగిలిపోతే మళ్లీ పెరుగుతుంది. మూడవది, కొందరిలో దానిలోనే క్యాన్సర్ పుడుతుంది, లేదా దాని పక్కనే క్యాన్సర్ ఉంటుంది. వివిధ పరిశీలనలలో ఇట్టివారి సంఖ్య నూటికి 5 నుంచి 15 వరకు తేలినది. అనగా అత్యధికులకు క్యాన్సర్ లేదు, ఉండబోదు. కాని ఎవరికి ఉన్నదో తెలుసుకోవాలంటే కండలో ఒక మూల నుంచి తీసిన చిన్న ముక్క చాలదు. తీసిన కండనంతటినీ పరీక్షకు పంపాలి. చక్రవర్తి గొంతు నేర్పిన పాఠం ఇదే.

ఈ వ్యాధికి కారణాలను వెదికే పనిలోనూ జర్మనీకి భాగం ఉన్నది. పులిపిరులను కలిగించే పాపిల్లోమా వైరస్‌లు క్యాన్సర్‌కూ కారణం కాగలవని హరాల్డ్ త్సూర్ హౌజెన్ నిరూపించాడు. ఆయన బృందం 1982లో స్వరపేటికలోని పులిపిరి నుంచి ఈ వైరస్‌లలో 11వ రకాన్ని వేరుచేసినది. హైడెల్‌బర్గ్‌లోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి దీర్ఘకాలం అధిపతిగా పనిచేసిన ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ముక్కులోని పాపిల్లోమాలలో కొన్నింట 6, 11 రకాల వైరస్‌లు కనిపిస్తాయి. అన్నింటికీ వైరస్ కారణం కాదు. 2015లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు ఈ పాపిల్లోమాలలో అధికభాగం ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉన్నట్లు వెల్లడించారు.

ఇతర వేషధారులు

పాపిల్లోమా కాక క్యాన్సర్ పోలికలో కనిపించే నిరపాయ వ్యాధులు మరికొన్ని ఉన్నాయి.

మొదటిది, 1995లో అమెరికా వైద్యులు వెనిగ్, హెఫ్నర్ 31 మంది రోగుల వివరాలతో వర్ణించిన ఒక పెరుగుదల. దీనిని హామార్టోమా అంటారు. కొత్త కణాలు పుట్టుకొచ్చినవి కావు. ముక్కుపొరలో సహజంగా ఉండే గ్రంథులే అదుపు తప్పి గుంపుగా పెరుగుతాయి. వాసన తెలిసే ఇరుకు సందులో ఇది ఎక్కువగా కనిపించి ఆ సందును వెడల్పు చేస్తుంది. సూక్ష్మదర్శినిలో గ్రంథులు గుంపులుగా కనిపించడం వలన దీనిని గ్రంథి క్యాన్సర్‌గాను, పాపిల్లోమాగాను పొరబడే ప్రమాదం ఉన్నది. దీనిని ఉన్నంతవరకు తొలగిస్తే చాలును. పెద్ద శస్త్రచికిత్స అక్కరలేదు. నిపుణుని కంటికి ఈ పేరు తెలిసి ఉండడమే రోగికి రక్ష.

రెండవది, కౌమారంలో ఉన్న మగపిల్లలకు వచ్చే ఆంజియోఫైబ్రోమా. ముక్కు వెనుక భాగంలో రక్తనాళాలతో నిండిన కండ పెరిగి, ఒకవైపు దిబ్బడ, మళ్లీ మళ్లీ ధారగా రక్తస్రావం కలిగిస్తుంది. ఎముకను ఒత్తి కపాలం వైపు కూడా పోగలదు గనుక చూడడానికి భయంకరంగా ఉంటుంది. స్వభావానికి మాత్రం క్యాన్సర్ కాదు. దీని విషయంలో నియమం తలకిందులు. ఆసుపత్రి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి ముక్క తీస్తే ఆపరాని రక్తస్రావం జరగవచ్చును. అందుచేత స్కాన్‌లోనే దీనిని గుర్తించి, రక్తనాళాలను ముందుగా మూసి, ఆ తరువాత శస్త్రచికిత్స చేస్తారు.

మూడవది, చెంప గదిలో పుట్టి కాడతో ముక్కు వెనుకకు జారే తిత్తి వంటి కండ. 1906లో దీనిని వివరించిన గుస్టాఫ్ కిలియన్ పేరుతో కిలియన్ పాలిప్ అంటారు. యువకులలో, పిల్లలలో ఒకవైపునే వస్తుంది. మామూలు పాలిప్‌లు రెండు వైపులా ద్రాక్షగుత్తుల వలె ఉంటాయి. నొక్కితే నొప్పి ఉండదు.

నాల్గవది, కండయే కాని వ్యాధి. ముక్కులో పుండ్లు, పక్కులు, నెత్తురు, చివరకు ముక్కుదూలం కుంగిపోవడం చూస్తే క్యాన్సర్ తినివేసినట్లుంటుంది. నిజానికి శరీరపు రక్షణ వ్యవస్థ తన రక్తనాళాల మీదనే దాడి చేసే వ్యాధి ఇది. 1931లో హైన్జ్ క్లింగర్, 1936లో ఫ్రెడరిక్ వెగెనర్ దీనిని వర్ణించారు. చాలాకాలం వెగెనర్ పేరుతోనే పిలిచారు. ఆయనకు నాజీ పార్టీతో ఉండిన సంబంధం వెలుగులోకి వచ్చిన తరువాత, 2011లో వైద్య సంఘాలు ఆ పేరును విడిచి వ్యాధి లక్షణాన్ని తెలిపే పేరును స్వీకరించాయి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చును గనుక ఇది తేలికైనది కాదు. అయినా దీనికి మందు వేరు. క్యాన్సర్ శస్త్రచికిత్స ఇక్కడ పనికిరాదు. 1985 నుంచి ఆంకా అనే రక్తపరీక్ష దీనిని గుర్తించడానికి తోడ్పడుతున్నది.

చెరువు నీటి కండ

మన ప్రాంతాల నుంచి వచ్చినవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన వ్యాధి రైనోస్పోరిడియోసిస్. దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను ఇది ఎక్కువ. నిలవనీటి చెరువులలో, గుంటలలో స్నానం చేసేవారికి, పశువులను కడిగేవారికి, ఇసుక తీసేవారికి అధికంగా సోకుతుంది. ముక్కులో ఎర్రని కండ పెరుగుతుంది. దాని మీద తెల్లని చుక్కలు సన్నగా చిలకరించినట్లుంటాయి. తాకితే నెత్తురు వస్తుంది. ఒకవైపున ఉండే, నెత్తురు కారే కండ గనుక ఎరుగని వైద్యునికి క్యాన్సర్ అనుమానం కలగడం సహజం.

దీనికి కారణమైన జీవిని 1900లో అర్జెంటీనాలో గిలెర్మో సీబర్ వర్ణించాడు. చాలాకాలం దీనిని బూజు జాతిలో చేర్చారు. 1999లో జన్యుపరీక్షలు ఇది చేపలలో వ్యాధులు కలిగించే నీటి పరాన్నజీవులకు చుట్టమని తేల్చాయి. ప్రయోగశాలలో పెంచడానికి వీలుకాదు గనుక నిర్ధారణ సూక్ష్మదర్శినితోనే జరగాలి. దళసరి గోడతో, లోపల వందలకొద్దీ విత్తనాలు నిండిన సంచులు కనిపిస్తే సందేహం ఉండదు. పైన కనిపించే తెల్లని చుక్కలు ఆ సంచులే. కండను మొదలంటా తీసి వేరును కాల్చడం చికిత్స. వేరు మిగిలితే మళ్లీ వస్తుంది.

ఐరోపాలో ఈ వ్యాధి కనిపించినది ప్రధానంగా దక్షిణాసియా నుంచి వలస వచ్చినవారిలోనే. జర్మనీలోని వైద్యునికి తన వృత్తిజీవితంలో ఇట్టి రోగి ఒక్కరూ తారసపడకపోవచ్చును. అందుచేత చిన్ననాడు ఊరి చెరువులో ఈదిన సంగతి, సెలవులలో స్వగ్రామంలో స్నానం చేసిన సంగతి వైద్యునికి చెప్పడం వృథా మాట కాదు. అడగకపోయినా చెప్పవలసిన విషయమది.

నిర్ధారణ క్రమం

వైద్యుడు మొదట అడిగే ప్రశ్న, లక్షణాలు ఒకవైపా, రెండు వైపులా అని. జలుబు, అలెర్జీ సాధారణంగా రెండు ముక్కులనూ పట్టుకొంటాయి. ఒకేవైపున వారాల తరబడి దిబ్బడ, నెత్తురు కలిసిన చీమిడి, చెంప మొద్దుబారడం, పైపళ్లు కదలడం, కన్ను ముందుకు రావడం, ఒకటి రెండుగా కనిపించడం జరిగితే ఆలస్యం చేయరాదు. రోగి వృత్తి కూడా ముఖ్యమే. ఓక్, బీచ్ చెక్కల దుమ్ము పీల్చే వడ్రంగులలో ముక్కు గ్రంథి క్యాన్సర్ అధికమని 1960వ దశకంలో ఇంగ్లండులోని కుర్చీలు, బల్లలు చేసేవారిలో గుర్తించారు. జర్మనీ 1988లో దానిని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది.

తరువాత ఎండోస్కోపుతో చూస్తారు. ఆపైన స్కాన్ తీస్తారు. స్కాన్ బయాప్సీ కంటె ముందు జరగడానికి కారణం ఉన్నది. కొన్ని కండలు రక్తనాళాల ముద్దలు. కొన్ని చోట్ల కపాలంలోని చిన్న రంధ్రం గుండా మెదడు పొర జారి ముక్కులో తిత్తిలా వేలాడుతూ ఉంటుంది. దానిని గుచ్చితే మెదడు నీరు కారి, సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించవచ్చును. సి.టి. స్కాన్‌లో ఎముక నున్నగా వంగి ఉంటే నిదానంగా పెరిగిన కండ అని, గరుకుగా తినివేసినట్లుంటే క్యాన్సర్ కావచ్చునని ఊహిస్తారు. పాపిల్లోమా పుట్టిన చోట ఎముక తరచుగా దళసరియై ముడివలె కనిపిస్తుంది. అది శస్త్రవైద్యునికి వేరు ఎక్కడున్నదో చూపే గుర్తు. ఎం.ఆర్.ఐ.లో పాపిల్లోమా మెదడు మడతల వంటి చారలతో కనిపిస్తుంది. ఆ చారలు ఒకచోట చెరిగిపోతే అక్కడ క్యాన్సర్ దాగి ఉండవచ్చునని అనుమానించి, ముక్కను ఆ చోటనే తీస్తారు. నిండిన చీమిడికి, కండకు గల తేడాను కూడా ఈ చిత్రమే చూపుతుంది.

చివరిది బయాప్సీ. అనుమానం మిగిలితే మళ్లీ బయాప్సీ. వ్యాధి ఏమిటో తేలకముందే స్టెరాయిడ్ మందులు వాడితే కొన్ని రకాల క్యాన్సర్లు తాత్కాలికంగా కుంచించుకుపోయి పరీక్షకు దొరకకుండా పోతాయి. కనుక ఒకవైపు కండ ఉన్నప్పుడు ఆ మందులను సొంతంగా మింగడం ప్రమాదకరం.

పాపిల్లోమా అని తేలితే ఒకప్పుడు ముక్కు పక్కన ముఖాన్ని కోసి తొలగించేవారు. నేడు చాలామందికి ముక్కు రంధ్రం గుండానే ఎండోస్కోపుతో తీయగలుగుతున్నారు. వేరు ఉన్న చోట పొరను పూర్తిగా ఒలిచి, కిందనున్న ఎముకను కూడా చెక్కుతారు. కొన్నేళ్ల తరువాత కూడా మళ్లీ పెరగవచ్చును గనుక దీర్ఘకాలం పరీక్షలకు వెళ్లవలసి ఉంటుంది. ఇబ్బంది ఏమీ లేదని మానివేయడం తగదు.

తెలుగు కుటుంబాలకు కొన్ని మాటలు

ముక్కులోను దాని చుట్టూ ఉన్న గదులలోను పుట్టే క్యాన్సర్ అరుదైనది. సంవత్సరానికి లక్షమందిలో ఒకరికి మించి రాదు. కాబట్టి ముక్కు దిబ్బడ ఉన్న ప్రతివారూ కలత చెందనక్కరలేదు. ఒకవైపు లక్షణం వారాల తరబడి తగ్గకపోతే మాత్రం కుటుంబ వైద్యుని వద్ద ఆగక, ముక్కు చెవి గొంతు నిపుణుని వద్దకు వెళ్లాలి. జర్మనీలో ఆయనను హా-ఎన్-ఓ వైద్యుడని అంటారు.

జర్మన్ నివేదికలలో రెండు మాటలు గుర్తుంచుకోవలసినవి. గూట్‌ఆర్టిగ్ అంటే మంచి స్వభావం గలది, అనగా నిరపాయం. బ్యోస్‌ఆర్టిగ్ అంటే చెడు స్వభావం గలది, అనగా క్యాన్సర్. కైన్ అన్‌హాల్ట్ ఫ్యూర్ మాలిగ్నిటేట్ అని వ్రాసి ఉంటే, పంపిన ముక్కలో క్యాన్సర్‌కు ఆధారం లేదని అర్థం. ఆ మాటతో సంతోషించవచ్చును. కాని ఎంత భాగాన్ని పరీక్షించారు, కండనంతటినీ తీశారా, అన్న రెండు ప్రశ్నలూ అడగాలి. 2013లో అమలులోకి వచ్చిన రోగుల హక్కుల చట్టం ప్రకారం చికిత్స గురించి అర్థమయ్యే విధంగా వివరణ పొందే హక్కు, తన వైద్య పత్రాలను చూసి ప్రతులు తీసుకొనే హక్కు రోగికి ఉన్నాయి. భాష రాని తల్లిదండ్రులు మన వద్దకు వచ్చినప్పుడు వ్యాధి తగిలితే, వారికి తెలుగులో నిజం చెప్పడం పిల్లల బాధ్యత. రాచపుండు అన్న అనుమానాన్ని దాచితే వారు మరింత ఘోరమైనదే ఊహించుకొంటారు; నిరపాయమని తేలిన తరువాత కూడా ఆ భయం వారిని వదలదు.

హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో ఇంతకుముందే ముక్కుకు శస్త్రచికిత్స జరిగి ఉంటే ఆ నివేదికను జర్మనీకి వెంట తెచ్చుకోవడం మంచిది. తీసిన కండను ప్రయోగశాలలు మైనపు దిమ్మలలో భద్రపరుస్తాయి. అవి పాడుకావు. ఏళ్లు గడిచిన తరువాత కూడా వాటి నుంచి కొత్త పొరలు కోసి, మరొక నిపుణుడు తన కంటితో చూసి, నాటి అభిప్రాయాన్ని సరిచూడగలడు. ముక్కులో కండ మళ్లీ పెరిగినప్పుడు ఆ పాత దిమ్మను కొత్త ముక్కతో పోల్చి చూస్తే వ్యాధి అదేనా, మారినదా అన్నది తేలుతుంది.